టి-ఆర్‌ఎన్‌ఏ మడత తప్పితే ముందు మెగ్నీషియం చూడండి

సమస్య: యూరియా జెల్‌లో (మడత విప్పేసేది) ఒకే బ్యాండ్‌గా వచ్చిన టి-ఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే చిన్న ఆర్‌ఎన్‌ఏ), నేటివ్ జెల్‌లో (మడతను అలాగే ఉంచేది) రెండు మూడు బ్యాండ్లుగా చీలుతోంది, లేదా చారలా అలుక్కుపోతోంది.

కారణం: గొలుసు తెగలేదు, మడత తప్పింది. సుమారు 76 న్యూక్లియోటైడ్ల ఈ గొలుసులో ప్రతి ఫాస్ఫేట్‌కూ ఋణావేశం ఉంటుంది. మడతపడ్డాక వచ్చే ఎల్ ఆకారం మూలలో గొలుసులోని రెండు వలయాలు, డి లూప్, టి లూప్, కలవాలంటే ఆ ఫాస్ఫేట్ల వికర్షణ తగ్గాలి. ఆ పని ఎక్కువగా చేసేది మెగ్నీషియం. దానిలో చాలా భాగం అణువు చుట్టూ వదులుగా తిరుగుతూ ఉంటుంది, కొన్ని అయాన్లు మాత్రం మలుపుల్లో కుదురుగా కూర్చుంటాయి.

పరిష్కారం: మెగ్నీషియం లేని పలుచని బఫర్‌లో 85 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు వేడిచేయండి. 60 డిగ్రీలకు దిగాక మెగ్నీషియం క్లోరైడ్ 5 నుంచి 10 మిల్లీమోలార్ అయ్యేలా కలిపి, నెమ్మదిగా చల్లారనివ్వండి. ఈ వరుస మార్చొద్దు. మెగ్నీషియం ఉండగా బాగా వేడిచేస్తే గొలుసే తెగుతుంది. జెల్ బఫర్‌లో ఈడీటీఏ (మెగ్నీషియాన్ని పట్టేసే రసాయనం) ఉంటే పడ్డ శ్రమంతా వృథా. అది తీసేసి, జెల్‌లోనూ రన్నింగ్ బఫర్‌లోనూ మెగ్నీషియం వేయండి. ప్రయోగశాలలో ట్రాన్‌స్క్రిప్షన్‌తో (డీఎన్‌ఏ నుంచి నకలు తీసి) తయారైన టి-ఆర్‌ఎన్‌ఏలో కణంలో న్యూక్లియోటైడ్లకు జరిగే సహజమైన రసాయన మార్పులు ఉండవు కనుక దానికి మెగ్నీషియం ఇంకాస్త ఎక్కువ కావాలి.

సమస్య: మడత బాగానే ఉంది, అమైనో ఆమ్లం మాత్రం తగులుకోవడం లేదు.

ఈ చర్యకు శక్తినిచ్చే ఏటీపీ కూడా మెగ్నీషియాన్ని పట్టుకుంటుంది. 4 మిల్లీమోలార్ ఏటీపీకి 4 మిల్లీమోలార్ మెగ్నీషియం వేస్తే టి-ఆర్‌ఎన్‌ఏకు మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. ఏటీపీ, ఈడీటీఏల మొత్తం కన్నా కొన్ని మిల్లీమోలార్లు ఎక్కువ వేయండి.

సమస్య: మడతకు తోడ్పడేందుకు స్పెర్మిన్ (ధనావేశాలున్న ఒక చిన్న అణువు) కలపగానే ద్రావణం తెల్లబడింది.

నాలుగు ధనావేశాలున్న స్పెర్మిన్ మోతాదు మించితే ఆర్‌ఎన్‌ఏ అణువులను గుంపుకట్టించి అవక్షేపంగా దింపేస్తుంది. మోతాదు తగ్గించండి, కొంచెం ఉప్పు పెంచండి. హైడ్రోక్లోరైడ్ రూపమే వాడండి, ఫ్రీ బేస్ అయితే పీహెచ్ ఎగబాకుతుంది. ఈస్ట్ ఫెనైల్అలనీన్ టి-ఆర్‌ఎన్‌ఏ స్ఫటికంలో ఒక స్పెర్మిన్ యాంటీకోడాన్ కాండం (సంకేతాన్ని చదివే చివరను మోసే జంట గొలుసు భాగం) లోతైన గాడిలో కనిపించింది. అయినా మెగ్నీషియానికి బదులుగా దీన్నే నమ్ముకోవడం నా దృష్టిలో సరికాదు, తోడుగానే వాడాలి.

మడత కుదిరిందో లేదో అనుమానంగా ఉంటే, ఇదే ఈస్ట్ టి-ఆర్‌ఎన్‌ఏకు సీసం అయాన్లతో పరీక్ష ఉంది. మడత సరిగ్గా ఉంటే సీసం డి లూప్‌లో 17, 18 స్థానాల మధ్య కోస్తుంది. ఆ కోత బాగా బలహీనపడితే మూల ఇంకా కుదరలేదని లెక్క. మళ్లీ వేడిచేసే దశ నుంచి మొదలుపెట్టండి.