స్పీచ్ థెరపీ హోంవర్క్‌కి ట్యాబ్ కెమెరా

థెరపిస్ట్ ఇచ్చిన పదాల కాగితం తీయగానే పిల్లలు మాయమైపోతారు, ట్యాబ్ ఇస్తేనేమో పదాలు వదిలేసి కార్టూన్లలో పడతారు. దీనికి కొత్త యాప్ కొనక్కర్లేదు, ట్యాబ్‌లో ఉన్న కెమెరా చాలు.

'ర' పలకడం నేర్చుకుంటున్నారనుకోండి. రాయి, రుమాలు, కారు, బీరువా, కుర్చీ లాంటివి ఇంట్లో పిల్లలతోనే వెతికించి, వాళ్ల చేతే ఫొటోలు తీయించండి. ఎనిమిదో పదో చాలు. ఫొటో వంకరగా వచ్చినా, సగం బీరువానే పడినా అలాగే ఉంచండి, వాళ్లకి అదే ముద్దు. అన్నీ ఒక ఆల్బమ్‌లో పెట్టి, పదం చెప్పాకే తర్వాతి ఫొటోకి జరపాలని రూలు పెట్టండి. చివర్లో సెల్ఫీ వీడియోలో రెండు మూడు పదాలు చెప్పించి చూపించండి. నాలుక, పెదాలు ఎలా కదిలాయో వాళ్లే చూసుకుంటారు. రోజుకి ఐదు నిమిషాలు దాటనివ్వకండి.

వేరే యాప్‌లోకి దూకకుండా ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్, ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ ఆన్ చేయండి. రెండూ సెట్టింగ్స్‌లోనే ఉంటాయి.

ఒక్క జాగ్రత్త: ఆ శబ్దం విడిగా ఇంకా పలకలేకపోతుంటే ఇది పనిచేయదు. 'రాయి'ని 'లాయి' అని పదేపదే అంటూ అదే అలవాటైపోతుంది. పదాల దాకా వెళ్లొచ్చా అని ముందు థెరపిస్ట్‌ని అడగండి.