స్పోర్ట్స్ బండి పడితే ఏది అరగాలి: ఫ్రేమ్ స్లైడర్ల ఎంపిక, బిగింపు

కోతల కాలంలో నల్గొండ పల్లెల్లో రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద ముందు చక్రం జారుతుంది. ఎండాకాలం మెత్తబడ్డ తారులోకి సైడ్ స్టాండ్ దిగి, నిలబెట్టిన బండి ఎడమ పక్కకు ఒరుగుతుంది. మన్ననూరు దాటినాక శ్రీశైలం రోడ్డు మలుపుల్లో ఇసుక తగులుతుంది. ఫ్రేమ్ స్లైడర్లు, అంటే బండికి రెండు పక్కలా ఇంజన్ బోల్టులతో బిగించే ప్లాస్టిక్ ముక్కలు, పనికొచ్చేది ఇట్లాంటి వాటికే. ఎదురొచ్చే లారీని గుద్దుకుంటే ఏ స్లైడరూ ఆదుకోదు. పైగా అది కాపాడేది బండిని, కాలిని కాదు.

బుల్లెట్‌కు వేసే ఇనుప పైపు గార్డు స్పోర్ట్స్ బండికి వద్దు. మలుపులో వంచితే నేలకు గీసుకుంటుంది, పడితే దెబ్బనంతా తీసుకెళ్లి ఇంజన్ మౌంట్ (ఇంజన్‌ను ఫ్రేమ్‌కు బిగించే చోటు) మీద పెడుతుంది. స్లైడర్ ముక్క డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్‌ది గానీ గట్టి నైలాన్‌ది గానీ కావాలి. రోడ్డు మీద అది అరుగుతూ జారాలి. అల్యూమినియం గుండ్లు చూడ్డానికి బాగుంటాయి గానీ తారులో గుచ్చుకుంటాయి. రబ్బరు పట్టేసుకుని బండిని తిప్పేస్తుంది.

ముక్క ఫైబర్ (బండి పక్కనుండే ప్లాస్టిక్ తొడుగు) కంటే 25 నుంచి 35 మి.మీ. బయటికి ఉంటే చాలు. ఇంకా పొడుగైతే, గడ్డపారతో బండరాయి లేపినట్టు, బోల్టును, దాంతోపాటు ఫ్రేమ్ రంధ్రాన్ని పెకిలిస్తుంది. బోల్టు తల ముక్క లోపలికి కనీసం 15 మి.మీ. దిగి ఉండాలి. లేదంటే కాస్త అరగగానే ఇనుము రోడ్డుకు తగులుతుంది. బోల్టు తల మీద దాని బలాన్ని చెప్పే 8.8 లేదా 10.9 అంకె అచ్చు ఉందో లేదో చూడండి. తళతళలాడే స్టెయిన్‌లెస్ బోల్టు, ఏ2-70 రకం, 8.8 కంటే బలహీనం. కిట్‌లో అదే వస్తే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో హైటెన్సైల్ బోల్టు తెచ్చి మార్చండి.

కిట్ మీ మోడల్‌దే కొనండి. యమహా ఆర్15 వీ3 కిట్ వీ4కు పడుతుందని చెప్పేవాళ్లుంటారు. ఫైబర్ ఆకారం మారింది కాబట్టి నమ్మొద్దు.

కొనేముందు ఒక పరీక్ష. ఇద్దరు బండిని పట్టుకుని వంచండి. స్లైడర్ వచ్చే చోటు నుంచి హ్యాండిల్ చివరికి, ఫుట్‌పెగ్‌కు తిన్నని చెక్క ఆనించి చూడండి. ఆ చెక్కకు తగిలేవే నేలకు తగులుతాయి. ఇంజన్ కవర్ తగిలితే స్లైడర్ ఒక్కటే సరిపోదు, కవర్ గార్డు కూడా కావాలి. చాలా బండ్లలో ఎడమన స్టేటర్ (కరెంటు పుట్టించే భాగం), కుడిన క్లచ్ కవర్లుంటాయి. ఏది చిల్లుపడ్డా ఆయిల్ కారి వెనక టైరుకు అంటుతుంది. బండి అక్కడే ఆపేయాల్సిందే.

బిగింపు చల్లటి ఇంజన్ మీద. బండిని ప్యాడాక్ స్టాండ్ (చక్రాన్ని లేపి బండిని నిటారుగా ఉంచే స్టాండ్) మీద నిలబెట్టి, ఇంజన్ కింద చెక్క ముక్క పెట్టి జాకీతో బరువు అందుకునేదాకే లేపండి. బోల్టులు ఒక పక్కవే విప్పండి. రెండు పక్కలా ఒకేసారి విప్పితే ఇంజన్ జారి రంధ్రాలు కలవవు. అడ్డంగా దూరిన పొడుగు బోల్టైతే కొత్తదాన్ని వెనకాలే తోస్తూ పాతదాన్ని బయటికి తీయండి. కలవకపోతే జాకీని కొద్దిగా పైకో కిందికో కదిలించండి, సుత్తి ముట్టొద్దు.

కొత్త బోల్టు పాతదానికంటే, స్పేసర్ (ముక్కకూ ఫ్రేమ్‌కూ మధ్య వచ్చే గొట్టం), బోల్టు తల కింద మిగిలే ముక్క, రెండూ కలిపిన మందమంత పొడుగుండాలి. ఎం10 (10 మి.మీ. మందం) బోల్టు అల్యూమినియంలో కనీసం 15 మి.మీ. మర దిగాలి. ఎం10లోనే 1.25, 1.5 మి.మీ. మర అంతరాలున్నాయి. చేత్తో అయిదారు చుట్లు సాఫీగా తిరగకపోతే మర తేడా, ఆపేయండి. మర మీద నీలం థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) రెండు చుక్కలు చాలు. ఎరుపుది వేస్తే తర్వాత వేడి చేస్తే గానీ ఊడదు. పానాతో అందాజాగా బిగించొద్దు. మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఆ మౌంట్ బోల్టుకు ఎన్ని న్యూటన్ మీటర్లు రాశారో చూసి టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే పానాతో) బిగించండి. లోపలి మర అరిగిపోయిందంటే ఖర్చు స్లైడర్ ధర కాదు, ఇంజన్ కేస్ ధర.

ఫైబర్ కోయాల్సి వస్తే బోల్టు కొసకు కాస్త గ్రీజు రాసి ఫైబర్‌ను దాని స్థానంలో ఆనించండి, మచ్చ పడ్డ చోటే కేంద్రం. బయటి వైపు మాస్కింగ్ టేప్ అంటించి, ముందు 3 మి.మీ. బిట్టుతో, తర్వాత హోల్ సాతో (గుండ్రటి రంధ్రం కోసే రంపంతో) నెమ్మదిగా కోయండి. వేగంగా తిప్పితే ఏబీఎస్ ప్లాస్టిక్ కరిగి అంచు పాడవుతుంది. ముక్క చుట్టూ 4 మి.మీ. సందు వదలకపోతే ఇంజన్ అదురుకు ఫైబర్ పగులుతుంది.

బోల్టు తల నుంచి ముక్క మీదికి పెయింట్ పెన్నుతో గీత గీయండి. థ్రెడ్‌లాకర్ ఆరడానికి 24 గంటలిచ్చి, 200 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి ఆ గీత చూడండి. గీత తప్పితే బోల్టు వదులైనట్టే.

ఒకసారి పడ్డాక బోల్టు తిన్నగానే కనిపించినా మార్చేయండి. బ్రాకెట్, మౌంట్ చుట్టూ గుడ్డతో తుడిచి పగులు చూడండి. విప్పిన అసలు బోల్టులను గ్రీజు రాసి దాచుకోండి. స్లైడర్ వంగిన రోజు వాటిని వేసుకుంటేనే బండి మళ్లీ రోడ్డెక్కుతుంది.