కొండబల్లికి కొత్త పేరు పెట్టే ముందు

కొండ మీద దొరికిన బల్లి కొత్త జాతిదనిపించగానే దానికి శాస్త్రీయ నామం ఆలోచించకండి. ముందు పాత పేర్లు వెతకాలి, సగం పని అదే. శేషాచలం కొండల్లోని బంగారు బల్లినే చూడండి. 1870లో బెడ్డోమ్ అనే పరిశోధకుడు దానికి కాలోడాక్టిలస్ ఆరియస్ అని పేరు పెట్టారు. ఇందులో మొదటి మాట ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు, రెండోది జాతి పేరు. ఆ ప్రజాతి పేరు అప్పటికే ఒక పెంకు పురుగుకు ఉంది. జంతువుల్లో ఒకే పేరు రెండు ప్రజాతులకు చెల్లదు. అందుకే 1926లో స్ట్రాండ్ అనే మరో పరిశోధకుడు బల్లి ప్రజాతి పేరును కాలోడాక్టిలోడిస్‌గా మార్చారు. ఇప్పుడు ఇలా రాయాలి: కాలోడాక్టిలోడిస్ ఆరియస్ (బెడ్డోమ్, 1870). ప్రజాతి మారింది కాబట్టి కుండలీకరణాలు తప్పనిసరి. లోపల జాతికి పేరు పెట్టినవారే ఉంటారు, స్ట్రాండ్ రారు. చాలామంది తడబడేది ఇక్కడే.

అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా బల్లిని ముట్టుకోవద్దు. పట్టాక మొదట ఫొటోలు తీయండి; ఆల్కహాల్‌లో రంగు నిలవదు. తర్వాత చిన్న కండ ముక్కను 95 శాతం ఇథనాల్‌లో (ఆల్కహాల్) వేయండి. ఆ తర్వాతే శరీరాన్ని 10 శాతం ఫార్మలిన్‌లో గట్టిపరచి, కడిగి, 70 శాతం ఇథనాల్‌లోకి మార్చాలి. ఈ వరస తిరగబడితే ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది.

పొడవును ముక్కు కొన నుంచి అవస్కరం (తోక మొదట్లోని విసర్జన రంధ్రం) దాకా కాలిపర్‌తో 0.1 మి.మీ. వరకు కొలవండి. తోకను విడిగా రాయండి. తెగి మళ్లీ పెరిగిన తోక పొడవూ, దాని పొలుసులూ అసలు తోకవి కావు. పెదవి పొలుసులు, వేళ్ల అడుగు పట్టీలు రెండు వైపులా లెక్కించండి. తొడ రంధ్రాలు చాలా బల్లుల్లో మగవాటికే ఉంటాయి. ఆడదాన్ని మగదానితో పోల్చి తేడా దొరికిందనుకోకండి.

విడివిడి కొండల మీద చిక్కుకున్న గుంపుల డీఎన్‌ఏ దానంతటదే కొంత వేరవుతుంది. ఆ ఒక్క తేడాతో జాతిని నిలబెట్టవద్దు, పొలుసుల లెక్కా కలిసి రావాలి.

జాతికి ఊరి పేరు పెడితే చివర -ఎన్సిస్: చిత్తూరు ప్రాంతపు సిర్టోడాక్టిలస్ రిషివ్యాలీయెన్సిస్ (2016) అలాంటిదే. మగవారి గౌరవార్థం -ఐ, స్త్రీకి -ఏ. విశేషణమైతే ప్రజాతి లింగాన్ని అనుసరించాలి; ఆరియస్ పుంలింగం.

ఒకే నమూనాను హోలోటైప్‌గా (ఆ జాతి పేరుకు ఆధారమైన నమూనా) ప్రకటించి, ఏ మ్యూజియంలో ఏ సంఖ్యతో ఉందో రాయండి. దగ్గరి జాతులతో తేడాలు మాటల్లో చెప్పండి. వ్యాసం ఆన్‌లైన్ పత్రికలో మాత్రమే వస్తుంటే జూబ్యాంక్ (జంతువుల శాస్త్రీయ నామాల ఆన్‌లైన్ రిజిస్టర్) నమోదు ముందే పూర్తిచేసి, ఆ వివరం వ్యాసంలోనే ఉంచండి. అది లేకపోతే పేరు చెల్లదు.