ఇంటి మూలికలు – 3వ పాఠం: గుంటగలగరాకు నూనె కాచడం

పోయిన పాఠంలో గుంటగలగరను గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఎదురెదురుగా గరుకైన ఆకులు, చిన్న తెల్ల పూలు. కాడ విరిస్తే వచ్చే రసం కాసేపటికి నల్లబడాలి, ఆకు దూసిన గోళ్లు కూడా నల్లబడతాయి. అలా కాకపోతే ఆ మొక్క వదిలేయండి. గట్ల మీదే పెరిగే గడ్డి చామంతిని చూసి పొరబడేవాళ్లు ఎక్కువ. దాని పువ్వు పొడుగాటి కాడ చివర ఒంటరిగా ఉంటుంది, మధ్యలో పసుపు.

కలుపు మందు కొట్టిన గట్టు మీదదీ, మురుగు కాలువ పక్కదీ ఎంత పచ్చగా ఉన్నా కోయొద్దు.

ఇక కొలతలు. ఆకు రసంతో నూనె కాచడానికి ఆయుర్వేదంలో పాత లెక్క ఒకటుంది: నూనెకు నాలుగింతలు రసం, నూనెలో ఎనిమిదో వంతు ఆకు ముద్ద. అంటే 100 మిల్లీలీటర్ల నువ్వుల నూనెకు 400 మిల్లీలీటర్ల రసం, 12 గ్రాముల ముద్ద. మొదటిసారికి ఇంతకు మించి పెట్టుకోకండి, ఆ రసానికే బోలెడంత ఆకు కావాలి. కడిగి, తడి ఆరాక, వీలైనంత తక్కువ నీళ్లతో రుబ్బి గుడ్డలో పిండండి. గుంటగలగరకు సంస్కృతంలో పేరు భృంగరాజ. నాలుగు ఆకులు నూనెలో వేయించి ‘భృంగరాజ తైలం’ అనుకుంటే అది మాడిన ఆకుల నూనె, అంతే.

అడుగు మందంగా ఉన్న మూకుడు తీసుకోండి. నురగ పొంగుతుంది కాబట్టి సగానికి మించి నింపొద్దు. నూనె, రసం, ముద్ద కలిపి సన్నటి సెగ మీద పెట్టండి. అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. ఫోన్ పట్టుకుని కూర్చుంటే ముద్ద మాడిపోతుంది.

ఈ పాఠంలో అసలు నేర్చుకోవాల్సింది ఎప్పుడు దించాలో తెలుసుకోవడం. రసంలోని నీరంతా పోవాలి, ముద్ద మాత్రం మాడకూడదు. మొదట్లో గలగలమని మరిగే చప్పుడు నెమ్మదిగా తగ్గుతుంది. అప్పుడు గరిటె అంచున ఉన్న ముద్ద చిటికెడు తీసి, చల్లార్చి, రెండు వేళ్ల మధ్య నలపండి. వేళ్లకు జిగటగా అంటుకుంటే ఇంకా తడి ఉన్నట్టు. వత్తిలా సాగితే సరైన పాకం. పొడిపొడిగా రాలిపోతే ముదిరింది. అనుమానం తీరకపోతే దూది వత్తిని ఆ నూనెలో ముంచి, పొయ్యికి దూరంగా వెలిగించి చూడండి. చిటపటలాడితే నీరు మిగిలి ఉంది, మళ్లీ సెగ మీద పెట్టాల్సిందే. నీరు ఉండిపోయిన నూనె సీసాలో ముక్కిపోతుంది.

గోరువెచ్చగా ఉన్నప్పుడే పలచటి గుడ్డలో వడకట్టి, తడి లేని గాజు సీసాలో పోసుకోండి. ముదురు ఆకుపచ్చ రంగు తలగడకు అంటుతుంది, పాత టవల్ పరుచుకోండి.

మరి ఉపయోగం? జుట్టు రాలకుండా, నల్లగా ఉండేందుకు ఈ నూనె రాసుకోవడం తరతరాల అలవాటు. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో జుట్టు పెరిగింది. మనుషుల్లో అంత గట్టి రుజువు లేదు. నెరిసిన జుట్టు నల్లబడుతుందని నేను చెప్పను. తలకు పట్టించి మర్దనా చేస్తే హాయిగా ఉంటుంది, పొడిబారిన జుట్టు మెత్తబడుతుంది. ఇక్కడిదాకా నాకు అనుమానం లేదు. మొదటిసారి మోచేతి మడతలో కాస్త రాసి ఒక రోజు ఆగండి. దురద పుడితే తలకు వద్దు.

ఈ ఆకుతో పచ్చడి చేసుకునే ఇళ్లున్నాయి. రసంలో తడిపి ఆరబెట్టిన గుడ్డను వత్తి చేసి, ఆముదంతో వెలిగించి, ఆ మసితో కాటుక పట్టేవాళ్లు. పసిపిల్లల కళ్లకు మాత్రం అది ఇప్పుడు పెట్టకండి. కామెర్లకు పసరు తాగించే అలవాటు కూడా ఉంది. దాని మీద నమ్మకంతో రక్త పరీక్ష వాయిదా వేయడం ప్రమాదం. కళ్లు పచ్చబడితే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

వచ్చే పాఠం నల్లేరు. లేత కణుపులు కోసి ఉంచుకోండి, కోసేముందు చేతులకు నూనె రాసుకోవడం మరవొద్దు, దురద పెడుతుంది.