లోతు సముద్రపు నీరు ఎంత పాతదో రసాయన జాడలతో తెలుసుకోవడం ఎలా?

ఖండానికి ఆనుకొని, దీవులో ద్వీపకల్పాలో అడ్డుగా ఉండి, మహాసముద్రంతో సగం తెగిపోయినట్లుండే జలాలను ఉపాంత సముద్రాలంటారు. జపాన్ సముద్రం, దక్షిణ చైనా సముద్రం ఇలాంటివే. వీటి అడుగున నీరు చాలా నెమ్మదిగా కదులుతుంది. ప్రవాహమాపకం దించితే ఆ చోట, ఆ రోజుల్లో ఉన్న వేగమే తెలుస్తుంది. నీరంతా మారడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలియాలంటే, అది చివరిసారి గాలిని తాకినప్పుడు కరిగించుకున్న పదార్థాలను కొలవాలి. ఆ పదార్థాలే ట్రేసర్లు.

ముందు గట్టు లోతు చూడండి

పరికరాల జోలికి వెళ్లకముందే సముద్రపు అడుగు పటం తెరవాలి. జపాన్ సముద్రం 3,700 మీటర్ల దాకా లోతున్నా, దాని జలసంధుల గట్లు (అడుగున అడ్డంగా ఉండే మిట్టలు) సుమారు 150 మీటర్లకు మించి లోతుండవు. అంటే పసిఫిక్ లోతు నీరు లోపలికి రాలేదు. అడుగు నీరు చలికాలంలో వ్లాదివొస్తోక్ వైపు చల్లబడి, బరువెక్కి, అక్కడే మునగాలి. దక్షిణ చైనా సముద్రం సంగతి వేరు. తైవాన్, ఫిలిప్పీన్స్ మధ్యనున్న లుజాన్ జలసంధిలో గట్టు దాదాపు 2,400 మీటర్ల లోతున ఉంది కాబట్టి, పసిఫిక్ నీరు దాన్ని దాటి లోపలి అడుగుకు జారుతుంది. ఆ నీరు వచ్చేటప్పటికే ముసలిది. దాని మొత్తం వయసులోంచి గట్టు దగ్గరి వయసును తీసేస్తేనే సముద్రం లోపల గడిపిన కాలం తేలుతుంది. ఈ తీసివేత మరిచిపోతే లెక్కంతా వృథా.

ట్రేసర్ ఎంపిక

సీఎఫ్‌సీలు (ఫ్రిజ్‌లు, ఏసీలలో వాడిన కృత్రిమ వాయువులు) 1930ల నుంచి తయారయ్యాయి, గాలిలో వాటి మోతాదు ఏ ఏడాది ఎంతో తెలుసు. అయితే ఓజోన్ పొరను కాపాడేందుకు వీటిని కట్టడి చేసిన 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తర్వాత సీఎఫ్‌సీ-11 1990ల మధ్యలో, సీఎఫ్‌సీ-12 2000ల ఆరంభంలో గరిష్ఠానికి చేరి తగ్గుముఖం పట్టాయి. అందుకే కొత్త నీటిలో ఒకే విలువ రెండు వేర్వేరు సంవత్సరాలను చూపవచ్చు. అలాంటి చోట గాలిలో ఇంకా పెరుగుతూనే ఉన్న సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువు తోడు కావాలి. హైడ్రోజన్ బాంబు పరీక్షల నుంచి వచ్చిన ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) 12.3 ఏళ్ల అర్ధాయువుతో, అంటే అంత కాలంలో సగం చొప్పున, హీలియం-3గా మారుతుంది. ఆ క్షయం వల్ల పుట్టిన హీలియం-3, మిగిలిన ట్రిటియం సమానంగా ఉంటే ఆ నీటి వయసు 12.3 ఏళ్లే. వందల ఏళ్ల నాటి నీటికి మాత్రం చాలా నెమ్మదిగా క్షయించే రేడియోధార్మిక కార్బన్-14 తప్పదు.

నల్ల సముద్రంలో జాగ్రత్త. సుమారు 150 నుంచి 200 మీటర్ల కింద ఆక్సిజన్ ఉండదు. అక్కడ సీఎఫ్‌సీ-11 విచ్ఛిన్నమవుతుంది కాబట్టి, లేని ముసలితనాన్ని నీటికి అంటగడుతుంది.

నమూనా తీయడం

పని చెడేది ఎక్కువగా ఇక్కడే. ఉష్ణోగ్రత, లవణీయత, లోతు కొలిచే పరికరం చుట్టూ, కోరిన లోతులో మూసుకుని నీటిని పట్టే నిస్కిన్ సీసాలు అమర్చి దించుతారు. పైకి తెచ్చాక కుళాయి తిప్పగానే పైనుంచి గాలి చొరబడుతుంది. అందుకే మొదట సీఎఫ్‌సీ, తర్వాత హీలియం, ఆపైన ఆక్సిజన్ నమూనాలు తీయాలి, లవణీయత నమూనా చివరికి ఆగగలదు. సీఎఫ్‌సీకి గాజు సిరంజి లేదా సీలు చేసిన గాజు గొట్టం, హీలియంకు రెండు చివరలా నొక్కి బిగించే రాగి గొట్టం వాడతారు. ఓడలో శీతలీకరణ యంత్రం లీకవుతుంటే మీ సముద్రం కాస్తా ఆ యంత్రపు చరిత్ర చెబుతుంది. సీసాల రబ్బరు వలయాలను కూడా అనుమానించాల్సిందే. అడుగుకు దగ్గరగా సీసాలను మరింత దట్టంగా పెట్టండి, కొత్త నీరు చాలాసార్లు అక్కడే పలచని పొరగా పరుచుకుంటుంది.

తర్వాత నీటిలోంచి వాయువును నైట్రోజన్‌తో వెళ్లగొట్టి, చల్లని ఉచ్చులో పట్టి, వేడి చేసి, వాయువులను వేరుచేసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌కు పంపుతారు. సీఎఫ్‌సీ కిలో నీటికి పికోమోల్‌లలో (మోల్‌లో లక్ష కోట్లవ వంతు), సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ ఫెమ్టోమోల్‌లలో (పికోమోల్‌లో వెయ్యో వంతు) ఉంటాయి. ట్రేసర్ లేని నీటిని కూడా కొలిచి, ఆ ఖాళీ విలువను ప్రతిసారీ తీసేయాలి.

వయసు లెక్క

కొలిచిన గాఢతను, ఆ నీటి ఉష్ణోగ్రత, లవణీయతలకు తగిన ద్రావణీయతతో భాగిస్తే గాలిలో ఉండాల్సిన మోతాదు వస్తుంది. అది గాలిలో ఏ ఏడాది ఉండేదో పట్టికలో చూడడమే. కానీ నీరు గాలితో పూర్తిగా సంతృప్తమై మునిగిందన్న ఊహ ఇందులో దాగి ఉంది. చలికాలంలో హఠాత్తుగా మునిగే నీటికి, మంచు కప్పిన నీటికి అంత తీరిక ఉండదు.

ఇంకో చిక్కు కలయిక. డెబ్బై ఏళ్ల తాత, పదేళ్ల మనవడు ఉన్న ఇంట్లో సగటు వయసు నలభై, కానీ ఆ వయసువాళ్లు ఒక్కరూ లేరు. సీసాలోని నీరూ అంతే. అందుకే ఒక్క సంఖ్యను నమ్మకుండా కనీసం రెండు ట్రేసర్లు కొలవండి. రెండూ వేర్వేరు వయసులు చెబితే నిరాశపడకండి. ఆ తేడాను బట్టే ఎన్ని వయసుల నీరు ఎంత కలిసిందో అంచనా వేస్తారు.

మళ్లీ అదే చోటికి

ఒక్క యాత్ర ఒక్క క్షణపు చిత్రమే. తూర్పు మధ్యధరాలో 1987లో జరిగిన పరిశీలనలో అడుగు నీరు ఏడ్రియాటిక్ సముద్రం నుంచి వస్తున్నట్లు తేలింది. 1995లో మళ్లీ వెళ్లి చూస్తే, ఏజియన్ నుంచి దిగిన మరింత ఉప్పటి, బరువైన నీరు అడుగును ఆక్రమించి, పాత నీటిని పైకి నెట్టేసింది. సీఎఫ్‌సీ-12 అడుగున ఎక్కువగా, నడిలోతులో తక్కువగా కనిపించింది. ఈ మార్పు పట్టుబడాలంటే మొదటి యాత్రలోనే ప్రతి స్టేషను అక్షాంశ రేఖాంశాలు, సీసాల లోతులు, ప్రమాణీకరణకు వాడిన వాయువు వివరాలు రాసి ఉంచాలి. రెండోసారి అవే చోట్ల, అవే లోతుల్లో నమూనాలు తీయాలి.