ఏ సిరీస్‌ను ఎవరికి, ఎలా చెప్పాలి?

కడపలో ఎవరినైనా మంచి వెబ్ సిరీస్ ఒకటి చెప్పమని అడిగితే ముందుగా దాని పేరు, ఆ వెంటనే "సూపరుంటాది బ్బా, తప్పకుండా చూడు" అనే హామీ వస్తాయి. ఈ రెండింటితో వినేవారికి ఒరిగేది చాలా తక్కువ. సినిమా నచ్చకపోతే రెండున్నర గంటలతో పోతుంది గానీ, ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్‌కు ఐదారు గంటలు పడతాయి. పైగా "ముందు ముందు బాగుంటుందేమో" అన్న ఆశతో చాలామంది సగం దాకా నెట్టుకొస్తారు. అందుచేత ఒకరికి చూడమని చెప్పే ముందు దాన్ని ఎవరితో కలిసి చూడవచ్చు, ఏ భాషలో చూస్తే మేలు, ఎంత తీరిక కావాలి, కథను ఎంతవరకు చెప్పవచ్చు అన్న సంగతులు మనమే ఆలోచించుకోవాలి.

వీటిలో ఎవరితో చూడవచ్చన్నది మొదట చెప్పవలసిన మాట. మన ఇళ్లలో టీవీ ఉండేది హాల్లో. రాత్రి భోజనాల వేళకు అత్తగారు సోఫాలోనూ, పిల్లలు నేల మీద హోంవర్కు పుస్తకాలతోనూ ఉంటారు. వంటింట్లో నుంచి కూడా తెర కనిపిస్తూనే ఉంటుంది. 2023 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో 'రానా నాయుడు' విడుదలైనప్పుడు, వెంకటేశ్ ఉన్నాడు కదా, ఇంటిల్లిపాదీ చూడదగినదే అయ్యుంటుందని నమ్మి హాల్లోనే పెట్టినవారు ఉన్నారు. 'రే డోనోవన్' అనే అమెరికన్ సిరీస్ ఆధారంగా పెద్దల కోసమే తీసిన ఆ కథలో బూతులకు కొదవ లేదు. దాని బాగోగుల మాట ఎలా ఉన్నా, "ఒంటరిగా, హెడ్‌ఫోన్లు పెట్టుకుని చూడండి" అని ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఎన్నో ఇళ్లలో రిమోట్ కోసం తడుములాట తప్పేది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఓటీటీ సంస్థలు ప్రతి సిరీస్‌కూ యు, యు/ఎ 7+, 13+, 16+, ఎ అనే వర్గాలలో ఏదో ఒకటి చూపించాలి. ఆ గుర్తు వయసును మాత్రమే చెబుతుంది. పదహారేళ్లు దాటిన ప్రతివారూ అత్తగారి పక్కన కూర్చుని చూడగలరని హామీ ఇవ్వదు. ఆ సంగతి చెప్పవలసింది చూసి వచ్చినవారే. అదే 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన 'నైంటీస్' విషయంలో ఇలాంటి జాగ్రత్త అక్కర్లేదు. లెక్కల మాస్టారి మధ్యతరగతి ఇంటి కథ అది. ఆరు ఎపిసోడ్లనూ అందరూ కూర్చుని చూడవచ్చు, పెద్దవాళ్లు పక్కన ఉంటేనే ఇంకా బాగుంటుంది.

భాష విషయంలో మన జిల్లాలకు ఉన్న వెసులుబాటును చాలామంది వాడుకోవడం లేదు. కర్నూలు, కడప పట్టణాలలో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. హిందూపురం, మడకశిర వైపు కన్నడం ఇంటి భాష అంత దగ్గర. ఉర్దూ వచ్చినవారికి హిందీ సిరీస్‌ను, కన్నడం వచ్చినవారికి కన్నడ సిరీస్‌ను తెలుగు డబ్బింగ్‌లో చూడమని చెప్పడం అనవసరం. ఉత్తరప్రదేశ్‌లోని ఫులేరా అనే ఊరి పంచాయతీ కార్యాలయం చుట్టూ తిరిగే 'పంచాయత్' 2020లో అమెజాన్ ప్రైమ్‌లో మొదలైంది. దాన్నే 2025 జనవరిలో తెలుగులో 'సివరపల్లి'గా తిరిగి తీశారు. హిందీ బాగా అర్థమయ్యేవారికి నేను మూలాన్నే చూడమంటాను, ఎందుకంటే అందులోని హాస్యంలో సగం మాట విరుపులోనే ఉంది. హిందీ రానివారికి, ముఖ్యంగా గ్రామ సచివాలయంలో పనిచేస్తూ అర్జీలతో, సంతకాలతో సతమతమయ్యే వారికి తెలుగుదే నయం. అయితే అందులోని మాటతీరు తెలంగాణ పల్లెది అన్న సంగతి ముందే చెప్పడం మంచిది. సీమ యాస మీద మనవాళ్ల పట్టింపు తెలిసిందే. మనది అనుకుని కూర్చున్నవారు మొదటి పది నిమిషాలు కథను వదిలేసి యాసలో తప్పులు వెతుకుతారు.

కథ చెప్పడంలో ఒక హద్దు పెట్టుకోవాలి. మొదటి ఎపిసోడ్‌లో ప్రేక్షకుడికి తెలిసేంతవరకు చెప్పి ఆపేయడం నాకు తెలిసినంతలో భద్రమైన పద్ధతి. ఉదాహరణకు 2023 డిసెంబరులో వచ్చిన 'దూత' గురించి ఇలా చెప్పవచ్చు: "నాగచైతన్య ఇందులో జర్నలిస్టు. అతని చేతికి దొరికిన పత్రిక ముక్కలో ఉన్న దుర్ఘటన కాసేపటికి నిజంగానే జరుగుతుంది. ఎనిమిది ఎపిసోడ్లు, కథంతా వానలో నడుస్తుంది. చివరలో వివరణ ఎక్కువై కాస్త నెమ్మదించిందని నాకనిపించింది." ఇందులో కథ బయటపడలేదు, నిడివి తెలిసింది, నచ్చని సంగతి కూడా ఒకటి తెలిసింది. ఆ ఆఖరి వాక్యాన్ని దాచకూడదు. లోపం ఒక్కటీ లేదని చెప్పేవారి మాట కన్నా, ఫలానా చోట కొంచెం తగ్గిందని చెప్పేవారి మాటనే జనం నమ్ముతారు. చరిత్రలో జరిగిన సంఘటన అయితే ఈ హద్దు మారుతుంది. 1986 ఏప్రిల్‌లో జరిగిన అణు ప్రమాదం మీద 2019లో వచ్చిన 'చెర్నోబిల్'లో రియాక్టర్ పేలుతుందన్నది రహస్యం కాదు. దాచవలసింది, అది ఎందుకు పేలిందో సిరీస్ విప్పి చెప్పే తీరు. తుమ్మలపల్లె యురేనియం గని దరిదాపుల ఊళ్లవారికి దాన్ని చెప్పేటప్పుడు పరిచయ వాక్యాలు పెద్దగా అవసరం ఉండవు, ఐదు ఎపిసోడ్లేనని చెబితే చాలు.

తీరిక సంగతి చిన్నదే అయినా మరచిపోకూడదు. 2001 నుంచి 2007 వరకు జెమినీ టీవీలో వచ్చిన 'అమృతం'లో దాదాపు ఏ భాగానికి ఆ భాగమే కథ గనుక దుకాణంలో గిరాకీకి, గిరాకీకి మధ్య కూడా చూడవచ్చు. అమృతం మిత్రుడు ఆంజనేయులు చెప్పే ఉపాయం బెడిసికొడుతుందని ముందే తెలిసినా నవ్వు ఆగదు. 'కార్తీక దీపం' మొదటి భాగం పదిహేను వందల ఎపిసోడ్లు దాటింది. దాన్ని ఇప్పుడు మొదటి నుంచి చూడమనడం ఎవరికైనా శిక్షే. అది రోజూ ఇరుగుపొరుగుతో మాట్లాడుకుంటూ చూసినవారికే రక్తి కట్టింది.

ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పాలి. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు వెళ్లినవారికి ఫోనులో సిరీస్ పేరు చెబితే వచ్చే మొదటి ప్రశ్న "అది యాడొస్తాది?" అనే. ప్రసార హక్కులు దేశాన్ని బట్టి మారుతాయి కనుక, ఇక్కడ ఉన్నది అక్కడి యాప్‌లో కనిపించకపోవచ్చు. వాళ్ల యాప్‌లో ఆ పేరు వెతికి చూడమని చెప్పి, ఉందని తెలిశాకే మిగతా వర్ణన మొదలుపెడితే ఇద్దరి సమయమూ కలిసివస్తుంది.

చెప్పిన తర్వాత రోజూ "చూసినావా, చూసినావా" అని వెంటపడడం మర్యాద కాదు. వారం తర్వాత ఒకసారి అడిగి, మధ్యలో ఆపేశామంటే వాదనకు దిగకుండా ఏ ఎపిసోడ్‌లో ఆపారో కనుక్కోవాలి. రెండో దానిలోనే ఆపినవారికి నెమ్మదిగా నడిచే కథలు పడవని, చివరి దాకా వచ్చి ముగింపును తిట్టినవారికి అటువంటివే ఇంకొకటి చెప్పవచ్చని అప్పుడు తెలుస్తుంది.