మక్గాడిక్గాడికి ఎప్పుడెళ్తే ఏం కనిపిస్తాయంటే

బోట్స్వానాలో మక్గాడిక్గాడి ఉప్పు మైదానాలు చూడాలంటే ముందు నెల డిసైడ్ అవ్వండి, టికెట్ తర్వాత. వానలు పడ్డాక, అంటే డిసెంబర్ నుంచి మార్చి మధ్యలో కొత్త గడ్డి కోసం జీబ్రాలు మందలు మందలుగా వచ్చేస్తాయి, నీటిగుంటలు ఎండిపోయాక మళ్ళీ బొటేటి నది వైపు పోతాయి కాబట్టి వానల్లేని నెలల్లో వెళ్తే ఆ ఒడ్డునే వెతుక్కోవాలి. ఫ్లెమింగోలకైతే నాటా ఊరి దగ్గర సువా పాన్ (పాన్ అంటే ఇక్కడ ఉప్పు మైదానమే), అదీ వాన బాగా పడిన ఏడాదైతేనే. మౌన్ ఊరి దాకా ఫ్లైట్, అక్కడ్నుంచి ఫోర్ బై ఫోర్ జీపు. తడి పాన్ మీదకి మాత్రం బండి దించకండి బాబూ, పైన పొర గట్టిగానే కనిపిస్తుంది, కింద అంతా బురద, కూరుకుపోతే లాగడానికి మనిషి కూడా దొరకడు. నీళ్ళు, డీజిల్ ఎక్కువే పెట్టుకోండి. గ్వేటా వైపు తెల్లారే వెళ్తే ముంగిస జాతి చిన్న జంతువులైన మీర్‌క్యాట్‌లు బొరియల్లోంచి వచ్చి నిలబడి ఎండ కాచుకుంటుంటాయి, నాకైతే జీబ్రాలకన్నా ఇవే ముద్దు.